పాప టోపీ మీద ఆ జెండా ఎందుకు?

ఈరోజు ఒక పసిపిల్ల టోపీ కథ చెప్తాను. తోలు టోపీ. దాని మీద పూసలతో కుట్టిన అమెరికా జెండా.

అమెరికా ఆదివాసుల్లో సూ అనే జాతి ఉంది. అందులో ఒక శాఖ లకోటాలు. వాళ్ళ ఆడవాళ్ళు పిల్లల బట్టలు ఎలా కుట్టేవాళ్ళో చూడండి. జింక తోలుకి జంతువు మెదడు పూసి మెత్తబరిచేవాళ్ళు. పాతరోజుల్లో దాని మీద రంగులద్దిన ముళ్ళపంది ముళ్ళతో కుట్టుపని చేసేవాళ్ళు. తర్వాత వ్యాపారుల ద్వారా వెనిస్, బొహీమియా గాజు పూసలు వచ్చాయి. ఆవగింజంత పూసలండీ! జంతువు నరాన్ని చీల్చి దారం తీసి, దానికి కొన్ని పూసలు ఎక్కించి, చివర్లలో మాత్రమే తోలుకి కుట్టడం. వరుస పక్కన వరుస, చొక్కా నిండేదాకా. కొన్ని చెప్పులకైతే అడుగున కూడా పూసలే. ఏడాదిలో పొట్టయిపోయే బట్టలకి ఇంత పనా అని నాకూ అనిపించింది. ముద్దుగా పెంచుకునే బిడ్డకి చేసే గౌరవం అది.

అసలు విషయం తేదీల్లో ఉంది. ఇలా నిండుగా పూసలున్న బట్టల్లో చాలావరకు 1880ల తర్వాతవి. అప్పటికి బైసన్ మందలు అయిపోయాయి, లకోటాలు రిజర్వేషన్లలో ఇరుక్కుపోయారు. 1879లో పెన్సిల్వేనియాలో కార్లైల్ స్కూల్ పెట్టారు. అక్కడికి చేరిన పిల్లల జుట్టు కత్తిరించి, ఇంటి బట్టలు తీసేసి యూనిఫాం తొడిగేవాళ్ళు. 1883లో సన్ డాన్స్ లాంటి వేడుకల్ని నేరం చేశారు. కానీ జులై 4న, అమెరికా స్వాతంత్ర్య దినం పేరుతో గుమిగూడితే అధికారులు ఊరుకునేవాళ్ళు. పిల్లల బట్టల మీద జెండా బొమ్మలు ఎక్కువగా కనిపించేది ఈ కాలంలోనే. దేశభక్తా, భయమా, రక్షణా? పరిశోధకులు తలోమాట అంటారు. నన్నడిగితే, 'ఇది చూస్తే మా బిడ్డని ఏం చెయ్యరు' అని ఒక అమ్మ అనుకుని ఉంటే ఆశ్చర్యం లేదు.

1890 డిసెంబర్ 29. సౌత్ డకోటాలో వూండెడ్ నీ. అమెరికా సైన్యం వందలమంది లకోటాల్ని కాల్చేసింది. ఆడవాళ్ళు, పిల్లలు కూడా. తర్వాత మంచు తుఫాను. నాలుగు రోజులకి, గడ్డకట్టిన తల్లి శవం దగ్గర ఒక పాప ప్రాణాలతో దొరికింది. తల మీద ఆ జెండా టోపీ!

ఆ పాపని లియొనార్డ్ కోల్బీ అనే సైనికాధికారి తీసుకెళ్ళి దత్తత చేసుకున్నాడు. జింట్‌కాలా నూని అని పేరు, అంటే తప్పిపోయిన పిట్ట. తనవాళ్ళకి దూరంగా పెరిగి, 1920లో కాలిఫోర్నియాలో చనిపోయింది. అక్కడే పాతిపెట్టారు. 1991లో లకోటాలు వెళ్ళి, ఆమె అస్థికల్ని తవ్వి తీసుకొచ్చి, వూండెడ్ నీలో మళ్ళీ ఖననం చేశారు.