అడవి అంచున అరువు ఊపిరి

వెంటిలేటర్ చరిత్ర ఎక్కడ చదివినా బోస్టన్‌లోనో కోపెన్‌హాగన్‌లోనో మొదలవుతుంది. అదే చరిత్రను భద్రాచలం అడవి అంచు నుంచి, ఒక పాముకాటు నుంచి చదివి చూద్దాం.

వానాకాలం రాత్రి నేల మీద పడుకున్న మనిషిని కట్లపాము కరిస్తే చాలాసార్లు నొప్పి ఉండదు, వాపూ ఉండదు. కొన్ని గంటల్లో కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. ఆ తర్వాత ఊపిరాడించే కండరాలు చచ్చుబడతాయి. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. చూసేవాళ్లకి ప్రాణం పోయినట్టే అనిపిస్తుంది, లోపల మనిషికి తెలివి ఉండొచ్చు. విషం నరాల కొసల్ని దెబ్బతీశాక విరుగుడు మందు ఆ నష్టాన్ని వెనక్కి తిప్పలేదు. నరాలు కోలుకునేదాకా, కొన్ని రోజులపాటు, అతని బదులు ఇంకెవరో ఊపిరి తీయాలి.

ఈ అవసరం ప్రపంచానికి పోలియోతో తెలిసొచ్చింది. 1928లో బోస్టన్‌లో ఫిలిప్ డ్రింకర్, లూయీ షా ఇనుప ఊపిరితిత్తిని వాడారు. తల బయట, ఒళ్లంతా పెట్టెలో. గొంతులో గొట్టం లేదు. కానీ 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడ్డప్పుడు అలాంటి యంత్రాల మీద పెట్టిన మొదటి 31 మందిలో 27 మంది చనిపోయారు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టించి, రబ్బరు సంచిని చేత్తో నొక్కించాడు. దాదాపు 1500 మంది వైద్య విద్యార్థులు షిఫ్టుల వారీగా నెలల తరబడి నొక్కారు. మరణాలు బాగా తగ్గాయి. నేటి ఐసీయూ పుట్టింది ఆ చేతుల్లోంచే. 1956లో డెన్మార్క్ నుంచే అంబూ బ్యాగ్ వచ్చింది. 1980లలో గొట్టం అక్కర్లేని మాస్కు పద్ధతులు వచ్చాయి. అయితే గొంతు కండరాలు కూడా పడిపోయిన కట్లపాము బాధితుడికి మాస్కు చాలదు, గొట్టమే కావాలి.

ఇక మన దూరాలు. భద్రాచలం ప్రాంతం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. గోదావరి మీద వంతెన 1965లో వచ్చింది, 108 అంబులెన్సు 2005లో. చర్ల నుంచి భద్రాచలం దాదాపు 60 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి ఖమ్మం మరో 120. యంత్రం ఉంటే సరిపోదని 2021 కోవిడ్ చూపించింది. ఆక్సిజన్‌కి దేశమంతా కటకటలాడినప్పుడు నది అవతల సారపాకలోని ఐటీసీ కాగితం మిల్లు చుట్టుపక్కలకి ఆక్సిజన్ పంపింది.

అందుకే ఇక్కడ అడగాల్సిన మొదటి ప్రశ్న జిల్లా ఆస్పత్రిలో ఎన్ని వెంటిలేటర్లున్నాయని కాదు. ఊపిరి ఆగిన మనిషిని పోయాడని వదిలేయకుండా, ఆ దారి పొడవునా సంచి నొక్కే చేయి ఉందా అని.