కాస్పరోవ్–టోపలోవ్ ఆట (1999)

గ్యారీ కాస్పరోవ్ (రష్యా), వెసెలిన్ టోపలోవ్ (బల్గేరియా) 1999 జనవరి 20న ఆడిన చదరంగపు ఆట. వేదిక నెదర్లాండ్స్ తీరంలోని వైక్ ఆన్ జే గ్రామం. హోగోవెన్స్ ఉక్కు సంస్థ పేరిట ఏటా జరిగే టోర్నమెంటులో అది నాలుగో రౌండు. అప్పటికి కాస్పరోవ్‌కు 35 ఏళ్లు, రేటింగులో ప్రపంచంలోనే మొదటివాడు. టోపలోవ్‌కు 23. 1851లో లండన్‌లో ఆండర్సన్ గెలిచిన ‘అమర క్రీడ’ పేరే తర్వాత దీనికీ అంటుకుని, ‘కాస్పరోవ్ అమర క్రీడ’ అయింది.

తెల్లపావులు కాస్పరోవ్‌వి. టోపలోవ్ పిర్క్ రక్షణతో మొదలుపెట్టాడు. ఇద్దరూ మంత్రివైపే క్యాజిలింగ్ చేశారు. అసలు కథ 24వ ఎత్తులో ఉంది. కాస్పరోవ్ ఏనుగుతో డి4లోని బంటును కొట్టాడు; ఆ ఏనుగును ఇంకో బంటు తీసుకోవచ్చు. టోపలోవ్ తీసుకున్నాడు. అలా కాక రాజును బి6కు జరిపి ఉంటే ఆట ఇంచుమించు సమంగానే సాగేదని తర్వాతి విశ్లేషణల్లో తేలింది. అంటే ఈ ఆట పుట్టుకలో ఓడినవాడి వాటా కూడా తక్కువేమీ కాదు.

మరుసటి ఎత్తులోనే రెండో ఏనుగు ఈ7 నుంచి చెక్ ఇచ్చింది. దాన్ని మంత్రితో కొడితే నాలుగు ఎత్తుల్లో ఆటకట్టు. గత్యంతరం లేక నల్లరాజు ముందుకే నడిచాడు: బి6, ఏ5, ఏ4, ఏ3, బి4, సి3, డి2, చివరికి డి1. ఆట మొదలైనప్పుడు తెల్లమంత్రి నిలిచే గడి అది! అక్కడ చెక్ కూడా లేని ఎత్తు ఒకటి వేశాడు కాస్పరోవ్. హెచ్3లోని శకటు తన పుట్టింటి గడి ఎఫ్1కు వెనక్కి వెళ్లింది. దాన్ని నల్లమంత్రి కొడితే రాజు చిక్కుతాడు. టోపలోవ్ ఏనుగును అడ్డం తెచ్చాడు గానీ మంత్రి దక్కలేదు. 44వ ఎత్తు దగ్గర ఓటమి ఒప్పుకున్నాడు.

లోపం లేని ఆట కాదిది. 28వ ఎత్తులోనే ఏనుగును ఏ7కు నడిపి ఉంటే గెలుపు ఇంకా తేలికయ్యేదని విశ్లేషకులు చూపించారు. ఆ తప్పు జరగబట్టే రాజు అంత దూరం నడిచాడు కాబట్టి దాన్ని ఎవరూ పెద్దగా తప్పుపట్టరు.

వరసగా ఏడు ఆటలు నెగ్గిన కాస్పరోవ్ 13 ఆటల్లో 10 పాయింట్లతో టోర్నమెంటు గెలిచాడు; విశ్వనాథన్ ఆనంద్ అర పాయింటు వెనక నిలిచాడు. ఆ టోర్నమెంటు ఇప్పుడు టాటా స్టీల్ పేరుతో జరుగుతోంది. 2012లో పెంటేల హరికృష్ణ, 2022లో ఎరిగైసి అర్జున్ అక్కడే రెండో శ్రేణి పోటీల్లో విజేతలయ్యారు.

2005 మార్చిలో లినారెస్‌లో చివరి రౌండు ఆటలో టోపలోవ్ కాస్పరోవ్‌ను ఓడించాడు. ఆ వెంటనే కాస్పరోవ్ పోటీ చదరంగం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించాడు. టోపలోవ్ అదే ఏడాది శాన్ లూయిస్‌లో ఫిడే ప్రపంచ విజేత అయ్యాడు.