రెండు నాకాల నడుమ వాల్వు, ట్రాన్సిస్టరు

ప్రత్యేక సంచికకు పాత జ్ఞాపకం ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. పెన్షను గురించీ, వైద్యం బిల్లుల గురించీ మిత్రులు ఎలాగూ వ్రాస్తారు. నేను ఒక స్నేహితునితో ముప్పై ఏళ్లు చేసిన వాదం గురించీ, దాని వెనుక ఉన్న చరిత్ర గురించీ వ్రాస్తున్నాను.

మా ఇల్లు గోల్నాకలో, ఆయన ఇల్లు తార్నాకలో. నాకా అంటే తనిఖీ చౌకీ. రెండు నాకాల నడుమ ఉస్మానియా క్యాంపస్. అక్కడి ఒక ప్రయోగశాలలో ఇద్దరం సాంకేతిక సహాయకులం. పని వేళ ముగిశాక సైకిళ్లు పట్టుకుని నిలబడి వాదించుకునేవాళ్లం. గ్రామఫోను రికార్డు వినడానికి వాల్వు మేలా, ట్రాన్సిస్టరు మేలా అన్నదే ఆ వాదం.

మా తరం వారందరికీ తొలి పరిచయం వాల్వుతోనే. నిజాం కాలంలో 1935లో దక్కన్ రేడియో మొదలైంది. 1950లో ఆకాశవాణి దానిని స్వీకరించింది. ఆ రోజుల్లో రేడియో పెట్టిన తరువాత వాల్వులు వేడెక్కే దాకా ఆగవలసి వచ్చేది. ఫ్లెమింగ్ 1904లో, డిఫారెస్ట్ 1906లో చేసిన గాజు బుడ్ల సంతతి అవి. ట్రాన్సిస్టరు 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టింది. మన దేశంలో మాత్రం బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ వారు 1961లో రేడియో వాల్వులనూ, 1962లో జెర్మేనియం ట్రాన్సిస్టరు జాతి పరికరాలనూ తయారుచేయసాగారు. ప్రపంచంలో నలభై ఏళ్ల ఎడంతో వచ్చినవి మన దేశంలో ఏడాది తేడాతో తయారయ్యాయి. మా వాదానికి బీజం అక్కడే ఉందనుకుంటాను. 1967లో మన ఊళ్లో ఇ.సి.ఐ.ఎల్. ఏర్పడ్డాక మా మిత్రునికి ట్రాన్సిస్టరు మీద గురి మరింత కుదిరింది.

రికార్డుకు ప్రత్యేకంగా ఒక ప్రీ యాంప్లిఫయరు ఎందుకని ఇంట్లో పిల్లలు అడుగుతుంటారు. మంద్ర స్వరాలను ఉన్నవి ఉన్నట్టు చెక్కితే రికార్డు మీది గాడి వెడల్పై పాట నిడివి తగ్గిపోతుంది. అందువల్ల వాటిని తగ్గించి చెక్కుతారు. సన్నని స్వరాలు సూది గీసే చప్పుడులో కలిసిపోకుండా వాటిని పెంచి చెక్కుతారు. వినేటప్పుడు దీనిని తలక్రిందులు చేయాలి: అట్టడుగు స్వరాలను దాదాపు పది రెట్లు పెంచి, పైస్వరాలను అంతే తగ్గించాలి. 1948లో ఎల్.పి. రికార్డులు వచ్చాక కూడా ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క కొలత. 1954లో అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఒకే కొలతను నిర్ణయించింది.

పాత రేడియోగ్రాముల్లోని సిరామిక్ పికప్‌తో ఈ చిక్కు లేదు. దాని విద్యుత్తు నేరుగా సరిపోయేది. మంచి ధ్వని ఇచ్చే అయస్కాంత పికప్ ఇచ్చేది మాత్రం వోల్టులో నాలుగైదు వేల వంతులే. దానిని వంద రెట్లు పెంచాలి, స్వరాలనూ సరిచేయాలి. ఆ పని చేసేదే ఈ చిన్న పెట్టె.

1970ల నడుమ ఇద్దరం చెరొకటి కట్టాం. నాది ఇ.సి.సి.83 వాల్వుతో, 250 వోల్టులతో. ఆయనది రెండు బి.సి.149 ట్రాన్సిస్టర్లతో, 9 వోల్టుల బ్యాటరీతో. “ఏమయ్యా, నీ కుంపటి రాజుకున్నదా?” అని ఆయన నవ్వేవాడు. నా పెట్టె గుయ్యిమని హమ్ చేసేది. ఆయన పెట్టె నిశ్శబ్దంగా ఉండేది. కాని నాదస్వరం తారస్థాయిలో పలికితే ధ్వని పగిలేది. ఒక సాయంత్రం ఆయన బంధువుల ఎదుట, “చెవి లేనివాడు కట్టిన పెట్టె ఇట్లనే ఉంటది” అన్నాను. ఆయన మాట్లాడలేదు. రెండేళ్లు మా ఇంటి గడప తొక్కలేదు. తరువాత రాకపోకలు సాగాయి గాని, ఆయన మళ్లీ నా ముందు ఆ పెట్టె తీయలేదు.

నేను 2003లో రిటైరయ్యాను. ఆయన 2011లో కాలం చేశారు. ఆ పెట్టెను ఆయన భార్య నాకు ఇచ్చారు. విప్పి కొలిచి చూస్తే సాల్డరింగ్‌లో, లెక్కలో ఒక్క తప్పు లేదు. లోపమల్లా ఆ 9 వోల్టులు. బలమైన స్వరం వచ్చినప్పుడు విద్యుత్తు అలకు పైకీ క్రిందికీ ఊగడానికి చోటు చాలదు. అల కొన తెగుతుంది, మనకు ధ్వని పగిలినట్లు వినిపిస్తుంది. నా వాల్వుకు 250 వోల్టుల విశాలమైన చోటుంది. నేను ముప్పై ఏళ్లు వాల్వు గుణమని పొగిడినదానిలో చాలా భాగం ఈ చోటు గుణమే.

కోఠి గుజరాతీ గల్లీలో భాగాలు కొని, ఆయన పెట్టెకు 24 వోల్టులు ఇచ్చి, దానికి తగినట్లు రెసిస్టర్లు మార్చాను. నా పెట్టెలో ఫిలమెంటుకు డి.సి. ఇచ్చి, ఎర్త్ తీగలన్నీ ఒక్కచోట కలిపాను; హమ్ పోయింది. రెండింటి ధ్వని బలం మీటరుతో సమానం చేశాను. ధ్వని కాస్త ఎక్కువ ఉన్నదే మంచిదనిపించడం చెవి స్వభావం. మనుమరాలిని నాకు కనబడకుండా స్విచ్చి మార్చమన్నాను. ఇరవై సార్లలో పదకొండు సార్లు సరిగా చెప్పాను; బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది. వయసు మీద పడితే పైస్వరాలు వినబడవు కదా అని తననూ కూర్చోబెట్టాను. తనకూ తేడా తెలియలేదు. రికార్డు ఆపి స్పీకరుకు చెవి ఆనిస్తే మాత్రం, “తాతా, నీ దాంట్లో బుస్సుమంటుంది” అన్నది.

వాల్వు వేడెక్కుతుంది, అరుగుతుంది, తట్టితే మ్రోగుతుంది. హద్దు మీరినప్పుడు మెల్లమెల్లగా చెడుతుంది. ట్రాన్సిస్టరు చవక, చల్లన. హద్దు మీరితే ఠక్కున పగులుతుంది. హద్దు లోపల చక్కగా కట్టినవి రెండూ ఒక్కటే. 1982లో సి.డి. వచ్చాక రెండింటి కథా ముగిసిందనుకున్నాం. కాని రికార్డులు మళ్లీ వస్తున్నాయి, వాల్వులు చైనాలోనూ స్లొవేకియాలోనూ నేటికీ తయారవుతున్నాయి.

సభ్యులకు రెండు మనవులు. ఇంట్లో పాత రికార్డులుంటే పారవేయకండి. పాత వాల్వు సెట్టు ఉంటే, స్విచ్చి తీసేశాం గదా అని లోపల చేయి పెట్టకండి. కెపాసిటర్లలో ప్రాణాంతకమైన విద్యుత్తు మిగిలి ఉండవచ్చు.

బాగుచేసిన పెట్టెను తార్నాక తీసుకువెళ్లి అదే నాదస్వరం రికార్డు పెట్టాను. ఎక్కడా పగలలేదు. మా మిత్రుని చెవిలో లోపం లేదని, నా మాటే తప్పని ఆయన భార్యతో చెప్పాను. ఆమె చాలాసేపు విని, “ఈ మాట ఆయన ఉన్నప్పుడు చెప్తే ఎంత సంబరపడుతుండె అన్నా” అన్నారు.