మాస్టారి అరుగు మీద అలంకారాలు

ఇలా దగ్గరికి జరగండి, పొగ అటు పోతోందిలే. ఒరేయ్ చిన్నాడా, ఆ చింతమొద్దుని కాస్త లోపలికి తొయ్యి. ధనుర్మాసంలో మా ఊళ్లో ఈ వేళకి వీధికో నెగడు వెలిగేది.

పొద్దున పెద్దాడు పుస్తకం పట్టుకొచ్చి, "అమ్మమ్మా, ఉపమాలంకారానికి లక్షణం చెప్పు, ఒక మార్కు బిట్టు" అన్నాడు. అప్పుడు చెప్పలేదు. ఒక మార్కుతో సరిపెట్టే సంగతి కాదది. మేమెలా నేర్చుకున్నామో చెప్తా, వినండి.

1950ల నాటి మాట. హైస్కూల్లో మాకు తెలుగు చెప్పే మాస్టారు సాయంత్రాలు తన ఇంటి అరుగు మీద పాఠం చెప్పేవారు. డబ్బు మాటే లేదు. పాడి ఉన్నవాళ్లు పెరుగు పంపేవాళ్లు, చేను ఉన్నవాళ్లు కందులు పంపేవాళ్లు. మా అన్నయ్య వెళ్తుంటే నేనూ వెంట పోయేదాన్ని. ఆడపిల్లకి ఛందస్సు ఎందుకని మా నాయనమ్మ గొణిగేది. మాస్టారు మాత్రం నన్ను ముందు వరసలోనే కూచోబెట్టేవారు.

మొదట్లో గురువనీ లఘువనీ ఏమీ అనేవారు కాదు. పద్యం రాగం తీసి చదవడం, మేం వెనకాల అనడం, అంతే. నోటికి వచ్చేదాకా అదే. ఉత్పలమాల నడక, చంపకమాల నడక చెవికి పట్టేశాక ఒకరోజు సుద్దముక్క తీసుకుని అరుగు మీదే గీతలు గీశారు. పొడుగు అక్షరానికి U, పొట్టి అక్షరానికి I. అప్పటికే చెవికి తెలిసిన లెక్కని కంటికి చూపించారన్నమాట. అందుకే మాకు ఛందస్సంటే భయం పుట్టలేదు. ఇప్పటి పిల్లలకి గీతలు ముందు, పద్యం తర్వాత. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ వరస తిరగేయాలనే పోరాడాను.

మీకూ చూపిస్తా. ఇదిగో, ఇప్పుడే కట్టిన పాదం: "చల్లని రాత్రివేళ చలి జాడలు మాపగ మంట చుట్టునన్". నాతో పాటు అనండి. మళ్లీ. ఇప్పుడు విరవండి: చల్లని, రాత్రివే, ళచలి, జాడలు, మాపగ, మంటచు, ట్టునన్. భ, ర, న, భ, భ, ర, వ. ఉత్పలమాల పాదం కుదిరింది. మొదటి అక్షరం చ, పదో అక్షరం జా. ఆ రెండింటికీ మైత్రి ఉంది కనక యతి చెల్లింది. పద్యం పూర్తి చెయ్యాలంటే మిగతా మూడు పాదాల్లోనూ రెండో అక్షరం ల్ల రావాలి, అది ప్రాస. ఏ గణం ఏదో మరిచిపోతే యమాతారాజభానసలగం ఉండనే ఉంది. భగణం కావాలా? భా దగ్గర మొదలుపెట్టి మూడక్షరాలు లెక్కపెట్టు: భా, న, స. ఒక గురువు, రెండు లఘువులు. రగణమా? రా, జ, భా. చివరి రెండూ లగం, అదే వగణం. ఎవరు కట్టారో గాని ఆ ఒక్క మాటలో గణాలన్నీ సర్దేశారు.

అలంకారాల దగ్గరికి వచ్చేసరికి మాస్టారి పద్ధతి ఇంకా బాగుండేది. ఉపమకి నాలుగు అంగాలని చెప్పి ఊరుకునేవారు కాదు. ఒక పోలిక చెప్పి, అందులోంచి ఒక్కో అంగం తీసేస్తూ "ఏం పోయింది?" అని అడిగేవారు. అదిగో, మొద్దు కదపగానే రవ్వలు లేచాయి చూడండి. "నిప్పురవ్వలు మిణుగురుల్లా మెరుస్తున్నాయి." రవ్వలు ఉపమేయం, మిణుగురులు ఉపమానం, మెరవడం సమానధర్మం, 'లా' ఉపమావాచకం. నాలుగూ ఉన్నాయి కాబట్టి పూర్ణోపమ. "రవ్వలు మిణుగురుల్లా ఉన్నాయి" అంటే? మెరవడం పోయింది, లుప్తోపమ అయింది.

అక్కడితో ఆపేవారనుకున్నారా? అవే రవ్వలు, అవే మిణుగురులు, మాట తీరు మార్చుకుంటూ పోయేవాళ్లం. "రవ్వలనే మిణుగురులు ఎగిరాయి" అంటే రూపకం, రెండింటికీ భేదం లేదు. "ఆ రవ్వలు మిణుగురులేమో!" అంటే ఉత్ప్రేక్ష, ఊహ. "రవ్వలా, మిణుగురులా?" అని తేల్చుకోలేకపోతే సందేహం. "ఇవి రవ్వలు కావు, మిణుగురులే" అని ఉన్నదాన్ని కాదంటే అపహ్నుతి. మిణుగురే అనుకుని మీ చెల్లెలు పట్టుకోబోయిందనుకో, అది భ్రాంతిమంతం. రవ్వల ఊసే ఎత్తకుండా "పొయ్యిలోంచి మిణుగురులు లేచాయి" అంటే అతిశయోక్తిలో ఒక రకం, రూపకాతిశయోక్తి. చూశారా, ఉన్న జంట ఒకటే. మనసు దాన్ని చూసే తీరుకి ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టారు పెద్దలు. మనిషి చూపుని ఇంత సన్నగా తరచి చూసినవాళ్లని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఆ పెద్దలు కూడా పిల్లలకి నోటికి వచ్చేలాగే రాశారు. జయదేవుడి చంద్రాలోకంలో ఒక్కో అలంకారానికి ఒకే శ్లోకం, సగంలో లక్షణం, సగంలో ఉదాహరణ. అప్పయ్య దీక్షితులు దాన్ని ఆధారం చేసుకుని మరికొన్ని అలంకారాలు కలిపి కువలయానందం రాశారు. భాషాప్రవీణ చదివేటప్పుడు నేను వల్లె వేసింది అదే. మన ఓరుగల్లులో విద్యానాథుడు ఇంకో పని చేశాడు. ప్రతాపరుద్రీయంలో ఉదాహరణలన్నీ కాకతీయ ప్రతాపరుద్రుడి మీదే చెప్పాడు. నాటకం ఎలా ఉండాలో చూపించడానికి ఆ రాజు మీద ఏకంగా ఒక నాటకమే రాసి అందులో పెట్టాడు. 1323లో ఓరుగల్లు కోట పడిపోయింది. పుస్తకం మాత్రం పాఠశాలల్లో నిలిచింది, మల్లినాథసూరి కొడుకు కుమారస్వామి దానికి రత్నాపణమని వ్యాఖ్యానం కూడా రాశాడు. ఆ దారిలోనే తెలుగులో భట్టుమూర్తి నరసభూపాలీయం రాశాడు. రాజుగారి పొగడ్తే కదా అని కొందరు వీటిని తీసిపారేస్తారు, నేనొప్పుకోను. అంత కట్టుదిట్టంగా ఒకే మనిషిని పట్టుకుని ఇన్ని తీరుల్లో చెప్పడం ఆషామాషీ కాదు.

భరతుడి నాట్యశాస్త్రంలో అలంకారాలు నాలుగే: ఉపమ, రూపకం, దీపకం, యమకం. తర్వాతివాళ్లు పెంచుకుంటూ పోయారు. ఇన్నీ వచ్చాక కూడా ఒకటి మిగిలిపోయిందని తొమ్మిదో శతాబ్దంలో కశ్మీరంలో ఆనందవర్ధనుడు పట్టుకున్నాడు. అది ధ్వని. ధ్వన్యాలోకం మాస్టారు మాకు చదివించలేదు, మా వయసుకి అది పెద్ద పుస్తకం. ఒక్క మాటతో చెప్పేశారు. ఇలాంటి నెగడు దగ్గరే మాస్టారి భార్య బయటికొచ్చి "పుల్లలైపోయాయి" అంది. మా అన్నయ్య లేచి పెరట్లోకి పుల్లల కోసం పోయాడు. నేను పలకా సంచీ సర్దుకున్నాను, ఇక ఇంటికి పొమ్మంటున్నారని. మాస్టారు ఇద్దరినీ ఆపి, "ఆవిడ తెమ్మందా? పొమ్మందా? రెండూ అనలేదు. మీకు వినపడిందే, అదే ధ్వని" అన్నారు. తర్వాత పెద్ద పుస్తకాలు చదివాను, నేనూ బళ్లో చెప్పాను. ఇంతకన్నా తేటగా ఎవరూ చెప్పగా వినలేదు.

పేర్లు దండగని మాత్రం అనుకోకండి. పేరు తెలియని దాన్ని కన్ను చూసీ చూడనట్టు దాటిపోతుంది. ఉత్ప్రేక్ష అని తెలిశాక పద్యంలో కవి ఎక్కడ నిశ్చయంగా అన్నాడో, ఎక్కడ "ఏమో" అన్నాడో ఆగి చూస్తారు. వసుచరిత్రలో శ్లేష విప్పాలన్నా, పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామాయణమూ భారతమూ ఎలా అయిందో పట్టాలన్నా ఆ పనిముట్లు చేతిలో ఉండాల్సిందే.

పెద్దాడా, రేపు నీ పుస్తకంలో పద్యం తీసి, అలంకారం పేరు రాసే ముందు రెండుసార్లు గొంతెత్తి చదువు. దేన్ని దేంతో పోల్చాడో, పోల్చకుండా ఏమి వదిలేశాడో నీ మాటల్లో చెల్లికి చెప్పు. ఆ తర్వాతే పేరు రాయి. అది కుదరకపోతే పుస్తకం పట్టుకుని నా దగ్గరికి రా, ఇద్దరం కలిసి చదువుదాం.