ఉజ్జీవము కొరకు మన ఆశ – ఒంగోలు నేర్పిన పాఠము



మన సికింద్రాబాదులో ఏ వీధి గోడ చూచినను ఉజ్జీవ కూటముల ప్రకటనలే కనబడుచున్నవి. మైదానములు నిండుచున్నవి, మైకులు మారుమ్రోగుచున్నవి. అయినను కూటము ముగిసి ఇల్లు చేరిన విశ్వాసి, "అయ్యగారూ, నిజమైన ఉజ్జీవము ఎప్పుడు వచ్చును?" అని అడుగుచూనే ఉన్నాడు. ఈ శతవార్షికోత్సవ సమయములో దానికి జవాబు మన తెలుగు సంఘ చరిత్రలోనే వెదకుదము. ఒంగోలు ఉజ్జీవము బాప్టిస్టు సహోదరుల మధ్య జరిగినదైనను, తెలుగు క్రైస్తవులందరికిని అది పితరుల ఆస్తి.

నెల్లూరులోని అమెరికన్ బాప్టిస్టు మిషను ఏండ్ల తరబడి శ్రమించినను ఫలము స్వల్పమే. మిషనును మూసివేయుదమా అను ఆలోచన కూడ అమెరికాలో పుట్టెను. అట్టి దినములలో 1854 జనవరి 1న తెల్లవారుజామున జూయెట్ దొరగారు, వారి భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండనెక్కి ఆ పట్టణమునకు ఒక సేవకుని పంపుమని ప్రార్థించిరి. మైకు లేదు, జనసమూహము లేదు, ఉన్నది అయిదుగురే. ఆ ప్రార్థనకు జవాబు కంటికి కనబడుటకు పండ్రెండేండ్లు పట్టెను. 1866లో జాన్ క్లౌ దొరగారు ఒంగోలు చేరిరి.

అదే సంవత్సరము యర్రగుంట్ల పేరయ్య అను మాదిగ కులస్థుడు, తోళ్ల వర్తకుడు, బాప్తిస్మము పొందెను. ఆయన సాక్ష్యము వలన ఆ కులస్థులు అనేకులు రాసాగిరి. అప్పుడు పరీక్ష వచ్చెను. వీరిని చేర్చుకొనినయెడల మేము రామని అగ్రకులముల వారు తేల్చి చెప్పిరి. పాఠశాలనుండి తమ పిల్లలను మాన్పించిరి. దొరగారు కలత చెందిరి. ఆ సాయంత్రము ఆయనయు, ఆయన భార్యయు వేర్వేరు గదులలో బైబిలు తెరువగా, ఇద్దరికిని మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయములోని ఒకే భాగము కనబడినదట. లోకము నీచముగా ఎంచిన వారిని దేవుడు ఏర్పరచుకొనెనను మాటలవి. దానితో వారి సందేహము తీరెను. పెద్దల ఆదరము పోయినను బీదలను విడువలేదు.

రెండవ పరీక్ష 1876–78 నాటి మహా కరవు. దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో ఒక భాగమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి, కూడు కల్పించిరి. బోధకులు మేస్త్రీలై పనిచేయించుచు, విరామ వేళలలో సువార్త చెప్పిరి. జనులు బాప్తిస్మమిమ్మని బతిమాలిరి. అయినను అన్నము కొరకు వచ్చితిరను మాట రాకూడదని సుమారు 15 నెలలు ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. సహాయము పంచు పని ముగిసిన పిమ్మటనే ద్వారము తెరిచిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులే.

మనము ఆ 2,222 సంఖ్యను జ్ఞాపకముంచుకొంటిమి. దాని వెనుకనున్న 15 నెలలను మరచితిమి. నేనును ఆ దోషము చేసినవాడనే. వార్షిక నివేదిక వ్రాయునప్పుడు కన్ఫర్మేషను పొందిన వారి లెక్క పెరిగినదని సంతోషించితిని. వారిలో ఎందరు మారిన జీవితము జీవించుచున్నారని ప్రశ్నించుకొనలేదు.

అయిదుగురు ఓర్పుతో ప్రార్థించిరి. ఒక మిషనరీ కుటుంబము లోకగౌరవమును వదలుకొనెను. బోధకులు లెక్కల ఆశను వదలుకొనిరి. సంఘము దేనిని వదలుకొనుటకు సిద్ధపడునో దానినిబట్టియే ఉజ్జీవము తెలియును. మరి మనము వదలవలసినవేవి? బల్లయొద్ద కలిసి కూర్చుండి, పెండ్లి సంబంధము వేళ కులము అడుగుచున్నాము. పాస్టరేటు కమిటీ ఎన్నికలలో కులమునుబట్టి ఓట్లు లెక్కించుచున్నాము. సహోదరునిపై కోర్టుకెక్కి, ఆదివారము సమాధానము పంచుకొనుచున్నాము. పేరయ్యను చేర్చుకొనిన సువార్తకు ఇది తగునా?

కాబట్టి ప్రియులారా, ఈ నూరేండ్ల పండుగలో మరియొక పెద్ద కూటమునకు ముందు, ప్రతి పేటలో అయిదుగురు చాలును, తెల్లవారుజామున కూడుకొందము. మాటలాడుట మానిన సహోదరుని ఇంటికి మొదట వెళ్లివత్తము. పండ్రెండేండ్లు పట్టినను పట్టనిమ్ము. ఆ కొండమీద మోకరించిన అయిదుగురును లెక్క చూచుకొనలేదు. దేవునికే మహిమ కలుగును గాక. ఆమేన్.