ఎవరి సరుకు ముందుకు వస్తుంది? పెటపోలి రేవు నుంచి ఆన్‌లైన్ సిఫారసు దాకా

పాఠ్యాంశ లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

- కొనుగోలుదారు ముందుకు ఏ సరుకు రావాలో నిర్ణయించే అధికారం చరిత్రలో ఎవరెవరి చేతుల్లో ఉండేదో వివరించగలుగుతారు.
- ఆన్‌లైన్ దుకాణాల సిఫారసు పద్ధతి ఎలా పనిచేస్తుందో, దాన్ని ఎక్కడెక్కడ నియంత్రించవచ్చో చెప్పగలుగుతారు.
- ఈ విషయమై భారతదేశంలో వచ్చిన వివాదాలను, నిబంధనలను పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

ఆన్‌లైన్ దుకాణంలో మీరు ఒక చీరను తెరిచి చూస్తే, దాని కింద మరికొన్ని చీరలు వరుసగా కనిపిస్తాయి. ‘ఇది కొన్నవారు ఇవి కూడా కొన్నారు’, ‘మీకు నచ్చవచ్చు’ వంటి శీర్షికలు వాటి పైన ఉంటాయి. మీరు అడవులదీవిలో ఉన్నా, రేపల్లెలో ఉన్నా, తెనాలిలో ఉన్నా అలాంటి వరుస మీ ఫోనులోకి వస్తుంది. ఆ వరుసలో చోటు దొరికిన సరుకు పదిమంది కంట పడుతుంది. చోటు దొరకని సరుకు గోదాములో ఉన్నా లేనట్లే లెక్క. కాబట్టి ఆ వరుసను ఎవరు నిర్ణయిస్తున్నారన్నది సాంకేతిక నిపుణులకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. సరుకు తయారుచేసేవారి బతుకుతెరువుకు సంబంధించిన ప్రశ్న.

ఇది కంప్యూటర్లతో పుట్టిన సమస్య అని మీకు అనిపించవచ్చు. అడవులదీవి ఉన్న మండలానికి కేంద్రమైన నిజాంపట్నం చరిత్రను చూస్తే, ఈ సమస్య 400 ఏళ్ల నాటిదని అర్థమవుతుంది. ఈ పాఠంలో వచ్చే ప్రతి దశలోనూ మీరు మూడు విషయాలు గమనించండి. సరుకును ఎంపిక చేసినది ఎవరు? ఏ ప్రమాణంతో ఎంపిక చేశారు? ఆ ప్రమాణం తయారీదారుకు తెలిసేదా, దానిని ప్రశ్నించే వీలు అతనికి ఉండేదా?

2. పెటపోలి రేవు: నమూనా గుడ్డల కాలం

నిజాంపట్నాన్ని యూరోపియన్ వర్తకులు పెటపోలి అని పిలిచేవారు. పెద్దపల్లి అనే పేరే వారి నోట అలా మారిందని చెబుతారు. గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో ఉన్న ఈ తీరంలో డచ్చివారు 1606లో మచిలీపట్నంలోనూ, పెటపోలిలోనూ వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ ‘గ్లోబ్’ కూడా పెటపోలికి వచ్చింది. ఆ ఓడలో పీటర్ ఫ్లోరిస్ అనే వర్తకుడు ఉన్నాడు.

వారు ఇక్కడికి ప్రధానంగా బట్టల కోసం వచ్చారు. చిరివేరుతో అద్దిన ఎర్రరంగు బట్టకు ఈ తీరం పేరు మోసింది. పెటపోలి పరిసరాల్లో దొరికే చిరివేరు మేలురకమైనదని ఆనాటి వర్తకులు భావించేవారు. ఇక్కడ కొన్న బట్టను ఆగ్నేయాసియా దీవులకు తీసుకుపోయి, అక్కడ దానికి బదులుగా మిరియాలు, జాజికాయ, లవంగాలు కొనేవారు. మరి ఆ దీవులలోని కొనుగోలుదారుకు ఏ రంగు, ఏ అంచు నచ్చుతుందో ఈ తీరంలోని నేతగానికి ఎలా తెలుస్తుంది? వర్తకుడు తెచ్చిన నమూనా గుడ్డే అందుకు ఆధారం. దళారి ఆ నమూనాను నేతగానికి, అద్దకందారుకు చూపి, అదే మాదిరిగా తయారుచేయించేవాడు.

చిన్న తేడా వచ్చినా ఏమయ్యేదో ఫ్లోరిస్ తన దినచర్యలో రాశాడు. అతడు తెచ్చిన కొన్ని బట్టలకు అంచున సన్నని తెల్లచార లేదు. ఆ ఒక్క కారణంగా మలయ కొనుగోలుదారులు వాటిని చేతిలోకి తీసుకుని చూడటానికి కూడా ఇష్టపడలేదు. అంత చిన్న లోపానికి ధర అంతగా పడిపోతుందని స్వయంగా చూడకపోతే తాను నమ్మేవాణ్ణి కానన్న భావాన్ని అతడు నమోదు చేశాడు.

ఇక్కడ మీరు గమనించవలసినది ఏమిటంటే, కొనేవారి అభిరుచి గురించిన సమాచారం సరుకుతో సమానమైన విలువ గలది. ఆ సమాచారం నేతగాని దగ్గర లేదు, మధ్యనున్న వర్తకుని దగ్గర ఉంది. అయినా ఆ కాలంలో నేతగానికి ఒక వెసులుబాటు ఉండేది. డచ్చివారు, ఇంగ్లీషువారు, పారశీక వర్తకులు, స్థానిక కోమట్లు అందరూ ఈ తీరంలో బట్ట కొనేవారు. ఒకరు కాదంటే మరొకరికి అమ్ముకునే అవకాశం ఉండేది.

3. కంపెనీ పాలన: ఎంపిక అధికారంగా మారడం

1759లో హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ మచిలీపట్నంతో పాటు నిజాంపట్నం సర్కారును కూడా ఇంగ్లీషువారికి ఇచ్చాడు. 1765–66లో ఉత్తర సర్కారులు, 1788లో గుంటూరు సర్కారు వారి వశమయ్యాయి. దానితో నిన్నటిదాకా పదిమంది కొనుగోలుదారుల్లో ఒకరుగా ఉన్న కంపెనీ, ఇప్పుడు పన్ను వసూలు చేసే ప్రభుత్వం కూడా అయింది.

కంపెనీ నేతగాళ్లకు ముందస్తు సొమ్ము ఇచ్చేది. తీసుకున్నవారు ముందుగా కంపెనీ సరుకు అప్పగించాలి. వచ్చిన బట్టను నమూనాతో పోల్చి, మేలురకం, తక్కువరకం అని తరగతులు కట్టేవారు. నచ్చనిదాన్ని తోసిపుచ్చేవారు. తరగతి తగ్గితే ధర తగ్గేది, తోసిపుచ్చితే అప్పు మిగిలేది. తరగతి నిర్ణయించేదీ, కొనేదీ, తగాదా వస్తే తీర్పు చెప్పేదీ ఒకే సంస్థ అయింది. 18వ శతాబ్దం చివరినాటికి సర్కారు జిల్లాల్లో నేతగాళ్లు ఆందోళనలకు దిగడానికి ఈ పద్ధతి ఒక ముఖ్య కారణం.

సరుకును ఎంపిక చేయడం తప్పేమీ కాదు. ఏ వర్తకంలోనైనా అది తప్పదు. అయితే ఎంపిక చేసేవాడే పోటీదారుగానూ, న్యాయాధికారిగానూ ఉన్నప్పుడు అన్యాయానికి తావు ఏర్పడుతుంది. తరువాతి దశల్లో ఈ సూత్రం మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

4. చేనేతకు చట్టం కల్పించిన చోటు

స్వాతంత్ర్యానంతరం మిల్లుల, మరమగ్గాల పోటీలో చేనేత వెనుకబడింది. నిడుబ్రోలుకు చెందిన ప్రగడ కోటయ్య వంటి నాయకులు చేనేతకు రక్షణ కావాలని దీర్ఘకాలం పోరాడారు. 1976లో ఏర్పడిన ఆప్కో సహకార సంఘాల బట్టను తన దుకాణాల్లో అమ్మకానికి పెట్టింది. పార్లమెంటు 1985లో చేనేత వస్తు రిజర్వేషన్ చట్టం చేసింది. కొన్ని రకాల బట్టలను చేనేత మగ్గం మీదే నేయాలని దాని సారాంశం. ఆ చట్టం చెల్లుతుందని సుప్రీంకోర్టు 1993లో తీర్పు చెప్పింది. మొదట 22 రకాలుగా ఉన్న జాబితా తరువాత 11కు తగ్గింది.

అంగట్లో ఎవరికి చోటు దక్కాలన్నది పూర్తిగా బలవంతుల ఇష్టానికి వదిలేయకూడదన్న ఆలోచన ఈ చట్టం వెనుక ఉంది. ఇందులో ప్రమాణం బహిరంగం. జాబితా అచ్చయి ఉంటుంది, దానిని కోర్టులో ప్రశ్నించవచ్చు.

5. తెర మీద మొదటి వరుస

సరుకుల వరుసను కంప్యూటర్ నిర్ణయించడం అమెరికా విమానయాన రంగంలో ముందుగా పెద్ద వివాదమైంది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ ఐబీఎంతో కలిసి 1960ల నాటికి ‘సేబర్’ అనే టికెట్ల వ్యవస్థను రూపొందించింది. 1976 నుంచి దాని తెరలను ట్రావెల్ ఏజెంట్ల కార్యాలయాల్లో పెట్టింది. ఇతర సంస్థల విమానాలూ అందులో కనిపించేవి. అయితే తెర యజమాని విమానాలు పై వరుసల్లో ఉండేవి. ఏజెంట్లు ఎక్కువగా మొదటి తెరలో కనిపించినవాటినే అమ్మేవారు కనుక, రెండో తెరలోకి జారిన విమానం చవకైనదైనా నష్టపోయేది.

చివరకు 1984లో అక్కడి పౌర విమానయాన మండలి ఇలాంటి పక్షపాత ప్రదర్శనను నిషేధిస్తూ నియమాలు చేసింది. మీరు గమనించండి, ఇక్కడ ఎవరి సరుకునూ తెర నుంచి తొలగించలేదు. వరుసలో కిందికి దించారు, అంతే. అది కూడా తొలగించినంత పని చేసింది.

6. సిఫారసు యంత్రం ఎలా పనిచేస్తుంది?

1992లో జిరాక్స్ పరిశోధన కేంద్రంలో తయారైన ‘టాపెస్ట్రీ’, 1994లో వచ్చిన ‘గ్రూప్‌లెన్స్’ అనే ప్రయోగాలు ఒక కొత్త ఆలోచనను ముందుకు తెచ్చాయి. ఒకరి అభిరుచిని అంచనా వేయడానికి, అతనిలాంటి ఇతరుల ఎంపికలను వాడుకోవచ్చు. 1995లో పుస్తకాల దుకాణంగా తెరుచుకున్న అమెజాన్ ఈ ఆలోచనను వ్యాపారంలో పెద్ద ఎత్తున ప్రయోగించింది. దాని ఇంజినీర్లు లిండెన్, స్మిత్, యార్క్ 2003లో ఒక వ్యాసంలో ఆ పద్ధతిని వివరించారు.

పద్ధతి ఇది. మనుషులను మనుషులతో పోల్చకుండా, వస్తువును వస్తువుతో పోల్చాలి. చీర కొన్నవారిలో ఎంతమంది ఫలానా జాకెట్టు గుడ్డ కూడా కొన్నారో లెక్కించి ముందుగానే పట్టిక తయారుచేసుకోవాలి. మీరు చీర తెరవగానే ఆ పట్టిక నుంచి జాకెట్టు గుడ్డ పైకి వస్తుంది. వర్తకుడు నమూనా గుడ్డతో మోసుకొచ్చిన సమాచారాన్నే ఇప్పుడు లక్షల కొనుగోళ్ల లెక్క మోసుకొస్తోంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. అమ్మకాల చరిత్ర లేని కొత్త వస్తువుకు పట్టికలో చోటు ఉండదు. కనిపించదు కనుక అమ్ముడుపోదు, అమ్ముడుపోదు కనుక కనిపించదు. మిల్లులో ఒకే మాదిరిగా వేల సంఖ్యలో తయారయ్యే చీర ఈ చిక్కును త్వరగా దాటుతుంది. చేనేత చీర సంగతి వేరు. మగ్గం మీద ఒక డిజైనులో ఒకటో రెండో చీరలు దిగుతాయి. ఒకటి అమ్ముడయ్యేసరికి ఆ వస్తువు చరిత్ర అక్కడితో ముగుస్తుంది, తరువాతి చీర మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. యంత్రానికి ఎవరిమీదా పగ లేదు. అయినా దాని లెక్కే రాశికి అనుకూలం, అరుదైనదానికి ప్రతికూలం.

7. నియంత్రణ ఎక్కడెక్కడ జరుగుతుంది?

లెక్క తేల్చిన జాబితా నేరుగా మీ ముందుకు రాదు. మధ్యలో దుకాణదారు కొన్ని నియమాలు పెడతాడు. వాటిని నాలుగు రకాలుగా చూడవచ్చు.

1. తీసివేత: నిల్వ లేనివి, మీ పిన్‌కోడుకు పంపలేనివి, పదేపదే వాపసు వస్తున్నవి, ఇంటిల్లిపాదీ చూసే తెరలో చూపకూడనివి జాబితా నుంచి తొలగిస్తారు.
2. పైకి నెట్టడం: పండుగ సరుకును, ఎక్కువ లాభం వచ్చేదాన్ని, సొంత బ్రాండును పై వరుసకు తెస్తారు.
3. అమ్మిన చోటు: డబ్బు చెల్లించిన అమ్మకందారు సరుకును ‘స్పాన్సర్డ్’ అనే చిన్న గుర్తుతో చూపుతారు.
4. అమ్మకందారు ఎంపిక: ఒకే వస్తువును పదిమంది అమ్ముతున్నప్పుడు, ‘కొనండి’ అనే మీట వెనుక ఎవరి పేరు ఉండాలో నిర్ణయిస్తారు.

మొదటి రకం కొనుగోలుదారుకు మేలు చేసేదే. రేపల్లెలో సొంత వెబ్‌సైటు నడిపే చిన్న దుకాణదారుకైనా అది అవసరం. రెండవ రకం అతనికీ హక్కే, ఎందుకంటే అందులోని సరుకంతా అతనిదే. కానీ వేలమంది ఇతరుల సరుకు అమ్మిపెట్టే పెద్ద వేదిక అదే పని చేస్తే కథ మారుతుంది. సేబర్ వివాదంలో తేలినది ఇదే.

8. భారతదేశంలో వివాదాలు, నిబంధనలు

ఫ్లిప్‌కార్ట్ 2007లో బెంగళూరులో ప్రారంభమైంది. అమెజాన్ 2013లో భారతదేశంలో దుకాణం తెరిచింది. విదేశీ పెట్టుబడి ఉన్న వేదికలు తమకు వాటా ఉన్న సంస్థల సరుకును అదే వేదికపై అమ్మించరాదని కేంద్ర ప్రభుత్వం 2018 డిసెంబరులో ప్రకటించింది. ఆ నియమం 2019 ఫిబ్రవరి 1 నుంచి అమలులోకి వచ్చింది.

ఈ రెండు వేదికలు కొందరు అమ్మకందారులకు ప్రాధాన్యం ఇస్తున్నాయని ఢిల్లీ వ్యాపార్ మహాసంఘ్ ఫిర్యాదు చేసింది. దానిపై కాంపిటీషన్ కమిషన్ 2020 జనవరి 13న దర్యాప్తుకు ఆదేశించింది. ఆ సంస్థలు ఆరోపణలను తోసిపుచ్చి కోర్టుకు వెళ్లాయి. కర్ణాటక హైకోర్టు 2021లో వారి పిటిషన్లను కొట్టివేసింది. అదే సంవత్సరం ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా దర్యాప్తును ఆపడానికి నిరాకరించింది.

2020 జులై 23న వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు మన పాఠానికి మరింత ముఖ్యమైనవి. సరుకులకు, అమ్మకందారులకు వరుస క్రమం నిర్ణయించే ప్రధాన ప్రమాణాలేమిటో, వాటిలో దేనికి ఎంత ప్రాధాన్యమో మార్కెట్ వేదికలు సులభమైన భాషలో వివరించాలని అవి చెబుతున్నాయి. యూరప్‌లోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. షాపింగ్ ఫలితాల్లో సొంత సేవను ముందుంచినందుకు యూరోపియన్ కమిషన్ 2017లో గూగుల్‌కు 242 కోట్ల యూరోల జరిమానా విధించింది. అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2024లో దాన్ని సమర్థించింది.

9. సారాంశం

పెటపోలి కాలంలో ఎంపిక వర్తకుని చేతిలో ఉండేది, కానీ వర్తకులు అనేకులు. కంపెనీ కాలంలో కొనేవాడు, తరగతి కట్టేవాడు, పాలకుడు ఒక్కరే అయ్యారు. 1985 చట్టం ప్రమాణాన్ని బహిరంగపరచింది. విమాన టికెట్ల వివాదం, వరుసలో స్థానమే అమ్మకమని నిరూపించింది. నేటి సిఫారసుల్లో ఎంపిక చేసేది లెక్కే అయినా, ఆ లెక్కకు నియమాలు పెట్టేది మనుషులే. నియమాలు పెట్టినవారు వాటిని చెప్పవలసిన బాధ్యత ఇప్పుడు చట్టంలో ఉంది. దానిని చదివి, అడిగేవారు ఉన్నప్పుడే ఆ చట్టానికి విలువ. చదువుకున్న కొనుగోలుదారుగా, రేపు బహుశా అమ్మకందారుగా, ఆ అడిగేవారిలో మీరూ ఒకరు కావచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఫ్లోరిస్ అనుభవం ద్వారా కొనుగోలుదారుల అభిరుచి గురించి ఏమి తెలుస్తుంది?
2. కంపెనీ పాలనలో బట్టకు తరగతి కట్టడం నేతగాళ్లకు ఎందుకు భారమైంది?
3. వస్తువును వస్తువుతో పోల్చే సిఫారసు పద్ధతి చేనేత చీరలకు ఎందుకు ప్రతికూలంగా ఉంటుంది?
4. మీ ఫోనులో ఏదైనా ఒక వస్తువును తెరిచి, దాని కింద వచ్చిన వరుసలో ‘స్పాన్సర్డ్’ గుర్తు ఉన్నవి ఎన్నో లెక్కించండి. వరుస క్రమపు ప్రమాణాలను ఆ వేదిక ఎక్కడ వివరించిందో వెతికి, 10 వాక్యాల్లో రాయండి.