సొరపువ్వు విచ్చుకునే వేళ

సాయంత్రం ఆరున్నర దాటాక టార్చిలైటు పట్టుకుని మొట్టమాడికి వెళతాను. డాబాని మొట్టమాడి అంటామని నెల్లూరు చుట్టాలు నవ్వుతారు గానీ, మద్రాసు తెలుగు మరి. అక్కడ పెద్ద తొట్టిలో సొరపాదు ఉంది. సొరపువ్వు పొద్దుగూకే వేళకి విచ్చుకుంటుంది, మర్నాటికల్లా వాడిపోతుంది. మగపువ్వు ఒకటి తెంపి, రెక్కలు వెనక్కి వంచి, పుప్పొడిని ఆడపువ్వుకి అద్దుతాను. అద్దకపోతే పిందె పండుబారి రాలిపోతుంది. కొట్టూర్‌పురంలో ఐదంతస్తుల పైన, మోకాళ్ళ నొప్పులతో, ఒక చిమ్మట చెయ్యాల్సిన పని నేను చేస్తున్నాను.

మా అమ్మ ఈ పని ఎన్నడూ చెయ్యలేదు. మైలాపూర్లో లజ్ దగ్గర ఒక పాత ఇంటి వెనక పోర్షన్లో ఉండేవాళ్ళం. అమ్మ బావి పక్కన నాలుగు సొరగింజలు పూడ్చి మరిచిపోయేది. కాయలు మాత్రం గోడ దిగి పక్కింటి వాళ్ళకి కూడా సరిపోయేవి.

ఆ తేడా ఎక్కడుందో తెలుసుకోవాలని ఈ ఊరి తోటల చరిత్ర తిరగేశాను. మద్రాసులో తోటలకి కొదవలేదు, వాటి కథలకీ లేదు. అయితే ఆ కథల్లో పురుగుకి చోటు లేదు. ఉన్నది ఒక్కచోటే, అదీ డబ్బు కోసం. కుంపిణీ వైద్యుడు జేమ్స్ ఆండర్సన్‌కి నుంగంబాక్కంలో పెద్ద తోట ఉండేది. 1786లో ఆయన లండన్‌లోని జోసెఫ్ బ్యాంక్స్‌కి ఉత్తరాల మీద ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. ఎర్ర రంగునిచ్చే కాచినీల్ పురుగుని ఇక్కడ పెంచితే స్పెయిన్ వాళ్ళ దగ్గర కొనక్కర్లేదని ఆయన ఆశ. ఆ పురుగు తినేది నాగజెముడు. అందుకని సైదాపేటలో నాగజెముడు తోటే వేయించి, తన మేనల్లుడు ఆండ్రూ బెర్రీ చేతిలో పెట్టాడు. మేలైన పురుగు రానే లేదు, వ్యాపారం సాగలేదు. ఈ పట్నంలో ఒక పురుగు కోసం పనిగట్టుకుని తోట వేసిన మొదటి మనిషి బహుశా ఆయనే అయ్యుంటాడు. పాపం, ఆ పురుగుని ఎండబెట్టి పొడి చెయ్యడానికి!

1835లో అగ్రి హార్టికల్చరల్ సొసైటీ పుట్టింది. కెథీడ్రల్ రోడ్డులో దాని స్థలం మా తరానికి మరోలా గుర్తు. 1962 నుంచి 2008 దాకా అక్కడ ఉడ్‌ల్యాండ్స్ డ్రైవ్ ఇన్ హోటల్ ఉండేది. కారున్నవాళ్ళకి కారు దగ్గరికే టిఫిన్ వచ్చేది. కారు లేని మాలాంటి వాళ్ళం లోపల కూర్చుని కార్ల వంక చూసేవాళ్ళం. ఆ స్థలంలోనే 2010 నవంబర్ 24న సెమ్మొళి పూంగా తెరిచారు, ఇరవై ఎకరాల పార్కు. చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. కత్తిరించిన గడ్డి, వరసగా నాటిన రంగుపూలు, ఎక్కడెక్కడి మొక్కలో. ఒకసారి అక్కడ గంటసేపు కూర్చుని ఏ పువ్వు మీద ఎవరు వాలుతున్నారో లెక్కపెట్టాను. ఫోటోలు తీసుకునేవాళ్ళే ఎక్కువ తేలారు.

తోట అంటే మనిషి కంటికి అన్న అలవాటు ఎప్పటినుంచో తెలీదు గానీ, అంతకు ముందు ఈ నేలకి మరో లెక్క ఉండేది. మైలాపూర్ కపాలీశ్వరుడికి స్థలవృక్షం పున్నై, అంటే మన పొన్న. తిరువాన్మియూర్లో వన్ని, మన జమ్మి. తిరువొట్రియూర్లో మగిళం, మన పొగడ. మూడూ ఈ వేడినీ కరువునీ తట్టుకునే చెట్లే. తమిళం పేరూ తెలుగు పేరూ పక్కపక్కన పెడితే ఒకే అడవికి రెండు చిరునామాలు రాసినట్టుంటుంది. కోరమండల్ తీరం పొడుగునా పరుచుకున్న, ఏడాది పొడుగునా పచ్చగా ఉండే పొట్టి అడవి అది. గిండీ నేషనల్ పార్కులో దాని ముక్కలు ఇంకా మిగిలున్నాయి.

వీధుల్లో వేసింది మాత్రం వేరే చెట్లు. నిద్రగన్నేరు దక్షిణ అమెరికా నుంచి, తురాయి మడగాస్కర్ నుంచి. త్వరగా ఎదుగుతాయి, గొడుగులా నీడనిస్తాయి, ఎండల్లో తురాయి ఎర్రగా మండుతుంది. 2016 డిసెంబర్ 12న వర్దా తుపాను వచ్చినప్పుడు మా రోడ్డు మీద మొదట పడ్డవి ఇవే. వేపలూ గానుగలూ కొమ్మలు విరిగి నిలబడ్డాయి. అలాగని పరదేశపు మొక్కలన్నీ పనికిరానివనే పట్టుదల నాకు లేదు. అలా అంటే టమాటా, మిరపకాయ కూడా తీసెయ్యాలి, అప్పుడు నేను అన్నం ఎలా తినను?

మా లజ్ ఇంటికి నడక దూరంలో నాగేశ్వరరావు పార్కు. మద్రాసు తెలుగువాళ్ళకి అది సొంత ఆస్తి లెక్క. అమృతాంజనం కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరది. బొంబాయిలో వారపత్రికగా మొదలైన ఆంధ్రపత్రికని 1914లో మద్రాసు తెచ్చి దినపత్రిక చేసింది ఆయనే. 1937 నవంబర్ 16న కోస్తా, రాయలసీమ పెద్దలు ఒప్పందం రాసుకున్న శ్రీబాగ్ ఆయన ఇల్లే, అదీ లజ్‌లోనే. పొద్దున్నే నాన్న ఆ పార్కులో నడిచేవాడు, వెనక మేం పొగడపూలు ఏరుకునేవాళ్ళం. పార్కు ఇప్పటికీ బాగుంది, ఒక ప్రైవేటు సంస్థ దత్తత తీసుకుని శుభ్రంగా చూస్తోంది. శుభ్రం అన్నచోటే నాకు చిన్న పేచీ. ఆ మాటకి మళ్ళీ వస్తాను.

అసలైన తోట అమ్మ పెరడే. దాన్ని తోట అని ఎవరూ అనలేదు. బావి, అంట్లు తోమే రాయి, ఆ నీళ్ళు పారే చోట అరటి, దాని వెనక కరివేపాకు, నిమ్మ. గోడవార ఎవరూ నాటని జిల్లేడు, ఆముదం. పూజకి నందివర్ధనం, గన్నేరు. ఇప్పుడు తెలిసి చూస్తే అది పురుగుల పురిటిల్లు. నల్లరెక్కల మీద తెల్లచుక్కలున్న సీతాకోకచిలుక నిమ్మ మీదా కరివేపాకు మీదా గుడ్లు పెడుతుంది. నారింజరంగుది జిల్లేడు, దాని చుట్టపు మొక్కల మీదే పెడుతుంది, అవి లేకపోతే ఆ వంశం అక్కడితో సరి. ఆకులు తింటున్న పురుగుని చూసి అమ్మ "పోనీలే, అదీ బతకాలి" అనేది. మందు కొట్టడానికి డబ్బు ఎక్కడిది? పాత ఇంటి సున్నపు గోడ సందుల్లో కుట్టని చిన్న ఈగలు కాపురముండేవి. తమిళులు కొసు తేనీ అంటారు, దోమంత తేనెటీగ అని. చూరు దూలానికి తుమ్మెదలు బెజ్జాలు పెట్టేవి. ఇల్లుగలాయన తిట్టుకునేవాడు.

ఆ తుమ్మెద సంగతి ఒకటి చెప్పాలి. మన కావ్యాలనిండా అది తిరుగుతూనే ఉంటుంది గానీ, ఏం పని చేస్తుందో కొలిచి చూసింది విశాఖపట్నంలో. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సుబ్బారెడ్డి గారు, తోటివాళ్ళు కలిసి మునగపువ్వు మీద వాలే పురుగుల్ని వరసపెట్టి గమనించి 1990లో అచ్చువేశారు. వచ్చేవాటిలో పువ్వుకి నిజంగా అక్కరకొచ్చేవి తుమ్మెదలు. మునగపువ్వు తెరుచుకునే తీరుకి వాటి బరువూ ఒడ్డూ సరిపోతాయి. వంగపువ్వుకీ అదే వరస. దాని పుప్పొడి చిన్న రంధ్రాల్లోంచి రావాలి, తుమ్మెద పట్టుకుని ఝుమ్మని వణికిస్తే రాలుతుంది. పెట్టెల్లో పెంచే తేనెటీగకి ఆ విద్య రాదు. తుమ్మెదకి కావలసిందల్లా ఎండిన దుంగ. ఎండుకొమ్మ కనిపిస్తే కొట్టేసే ఊళ్ళో మునగకాయ ఎలా కాస్తుంది?

పెరళ్ళు పోయి ఫ్లాట్లు వచ్చిన కథ అందరికీ తెలిసిందే. మా లజ్ ఇల్లూ అలాగే పోయింది. నేల ఉన్నచోట కార్లు, మిగిలిన చోట సిమెంటు పలకలు. మట్టిలో బొరియ చేసుకునే ఈగలు ఈ దేశంలో ఎన్నో రకాలు, పలక మీద అవేం చేసుకుంటాయి?

కొట్టూర్‌పురం వచ్చాక మళ్ళీ మట్టి దొరికింది. రైల్వే స్టేషన్ దగ్గర, అడయార్ నది ఒడ్డున, ప్రభుత్వపు బీడు ఒకటి చెత్తకుప్పగా ఉండేది. 2006లో నిళల్ అనే సంస్థ వాళ్ళు, చుట్టుపక్కల జనం కలిసి దాన్ని బాగుచెయ్యడం మొదలుపెట్టారు. నిళల్ అంటే నీడ. ఈ తీరపు అడవిచెట్లే వెతికి నాటారు. 2015 డిసెంబర్ వరదకి అడయార్ మా పేటలోకి వచ్చి కింది ఇళ్ళు ముంచేసింది, ఒడ్డు నిండా బురద. మళ్ళీ పలుగూ పారా. నేను చేరింది ఆ తరవాతే. నా వయసుకి గొయ్యి తవ్వనివ్వరు, నీళ్ళు పొయ్యడం, ఆకులు పరవడం నా వంతు. ఆకులు ఊడ్చడం కాదు, పరవడం! ఎండాకు చెట్టు కిందే ఉండాలని అక్కడ మొదటి రోజే చెప్పారు. గానుగ పూసే ఎండాకాలంలో అక్కడ నిలబడితే మాట వినపడదు, అంత ఝుంకారం.

శుభ్రం మీద పేచీ అన్నాను కదా, అది ఇక్కడ అర్థమయింది. గన్నేరు, నందివర్ధనం ఆకులు తినే ఒక ఆకుపచ్చ పురుగు ఉంది. వేలెడు లావు, తల దగ్గర రెండు నీలికళ్ళ మచ్చలు, తోక దగ్గర చిన్న కొమ్ము. తిని తిని చెట్టు దిగి ఎండాకుల మధ్య గూడు చేసుకుంటుంది. రెండు మూడు వారాలకి పెద్ద చిమ్మటై లేచి, చీకటి పడ్డాక పూల వెంట తిరుగుతుంది. సొరపువ్వుకి పని చేసిపెట్టేది ఆ కులపు చిమ్మటలే. అమ్మ నందివర్ధనాన్ని వదిలేసింది, ఆకులు ఊడ్చలేదు, సొరకాయ కాసింది. మేం మూడూ తలకిందులు చేశాం.

మా అపార్ట్‌మెంట్లో రెండేళ్ళ కిందట ఆరో నంబరు ఫ్లాటు సన్‌షేడ్‌కి తేనెపట్టు పడితే, అసోసియేషన్ ఎవరినో పిలిపించి రాత్రికి రాత్రి పొగబెట్టించింది. మర్నాడు మెట్ల మీద ఈగలు చేటలకెత్తేంత. పిల్లలున్న ఇల్లు, వాళ్ళ భయం నాకు తెలియనిది కాదు. మీటింగులో లేచి తమిళంలో ఏదో చెప్పబోయి, కోపం వచ్చి తెలుగులోకి దిగాను. ఎవరికీ అర్థం కాలేదు, అందరూ ఒప్పుకున్నారు. ఇప్పుడు పంపు రూము వెనక పదడుగుల నేల నా అధీనంలో ఉంది. జిల్లేడు, కరివేపాకు, నందివర్ధనం, ఒక ఎండిన మునగదుంగ.

పోయిన నెల వాచ్‌మన్ పరుగున వచ్చాడు. "అమ్మా, పాంబు కుట్టి!" పాము పిల్లట. వెళ్ళి చూస్తే నందివర్ధనం కొమ్మ మీద రెండు నీలికళ్ళు. చీపురు పక్కన పెట్టించాను. నాలుగు రోజుల్లో కొమ్మ బోడి చేసి అది ఎటో దిగిపోయింది. కింద ఆకులు ఊడ్చొద్దని అతనికి రోజూ గుర్తు చేస్తున్నాను. రోజూ ఆశ్చర్యపోతాడు.

నిన్న సొరపాదుకి రెండు ఆడపువ్వులు విచ్చాయి. ఒకదానికి నేను అద్దాను. రెండోదాన్ని వదిలేసి, టార్చి ఆర్పి, నీళ్ళ ట్యాంకు గట్టు మీద కాసేపు కూర్చున్నాను.